సెల్లార్‌లో కారు, మూడో అంతస్తులో వోల్టేజీ

పటమట, విజయవాడ

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు? పిన్నిగారి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో సగం చెప్పి పెట్టేశాను కదా, ఆ సంగతంతా ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

కార్తీకమాసంలో ఓ తెల్లవారుజామున నాన్న గుండెల్లో బరువుగా ఉందన్నారు. సెల్లార్‌లోకి పరుగెత్తి తాళం తిప్పితే టక్ టక్‌మంటుందే తప్ప బండి స్టార్ట్ కాదు. ఆయన కంటి ఆపరేషన్ అయ్యాక నెలకు పైగా కారు తీయలేదు మరి. చివరికి ఆటోలో తీసుకెళ్ళాం. గ్యాస్ అని తేలింది, ఇప్పుడు బాగున్నారు. కానీ ఆటో కోసం బందరు రోడ్డు మీద నిలబడ్డ ఆ పది నిమిషాలు ఇంకా కళ్ళముందే ఉన్నాయిరా.

ఆపేసిన కారు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. గడియారం, అలారం, రిమోట్ తాళం కలిపి ఓ 40 మిల్లీఆంపులు అనుకో. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ 36 రోజుల్లో ఖాళీ. సెల్ఫ్ తిరగడం అంతకు చాలా ముందే ఆగిపోతుంది. నిండుగా ఉంటే 12.7 వోల్టులు, 12.2కి వచ్చిందంటే సగమే మిగిలినట్టు. ఆ అంకె ఇంట్లో కూర్చుని చూడగలిగితే చాలు కదా అనిపించింది.

మూడో అంతస్తులోని మా వైఫై సెల్లార్ దాకా దిగదు. అందుకే గవర్నర్‌పేట వెళ్ళి ఒక ఆర్డుయినో ప్రో మినీ (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న బోర్డు), రెండు లోరా మాడ్యూళ్ళు (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో ముక్కలు), పైన ఉంచడానికి ఇంకో బోర్డు తెచ్చాను. మన దేశంలో ఇలాంటి తక్కువ పవర్ రేడియోలకి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కర్లేదు. కింది బోర్డుకి కారు బ్యాటరీ కాకుండా విడిగా ఓ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ పెట్టాను. కాపలాకి పెట్టినవాడే గాదె ఖాళీ చేయకూడదు కదా!

మొదటి సెల్ మూడు వారాలకే పడిపోయింది. ప్రోగ్రాంలో చిప్‌ని నిద్రపుచ్చుతూనే ఉన్నాను, అయినా ఎందుకిలా? మల్టీమీటర్ సిరీస్‌లో పెట్టి చూస్తే 3 మిల్లీఆంపులు. రాత్రంతా కోడ్ వెతికాను. తప్పు కోడ్‌లో లేదు, బోర్డు మీద నువ్వుగింజంత ఎర్ర లైటుది! చిప్ పడుకున్నా అది వెలుగుతూనే ఉంటుంది. పక్కనున్న, వోల్టేజీని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ కూడా ఊరికే కాస్త తింటోంది. నాన్న పేపరు చదివే భూతద్దం కింద పెట్టి, సోల్డరింగ్ ఐరన్ మొన ఒక్క క్షణం ఆనించి, పట్టకారుతో ఆ రెండూ పీకేశాను. మళ్ళీ మీటర్ పెడితే 6 మైక్రోఆంపులు! 3 మిల్లీలో ఐదు వందో వంతు. అమ్మని పిలిచి చూపించాను, ఆవిడకి అర్థం కాకపోయినా నా మొహం చూసి నవ్వింది.

ఇప్పుడది అరగంటకోసారి లేచి, వోల్టేజీ కొలిచి, ఒక్క మాట పైకి పంపి మళ్ళీ పడుకుంటుంది. పంపే ఖర్చు కలిపినా సగటు 10 మైక్రోఆంపులకు అటూ ఇటూ. కారు బ్యాటరీ 12 వోల్టులు బోర్డు తట్టుకోదు, అందుకే తగ్గించి కొలవడానికి 1 మెగాఓమ్, 68 కిలోఓముల రెసిస్టర్లు వాడాను. అంత పెద్ద విలువలైతేనే కారు బ్యాటరీ మీద భారం పడదు, కానీ అంకె ఊగిపోయేది. బోర్డు కొలిచే పిన్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తగిలించాక కుదురుకుంది. యాంటెన్నా అంటే 8.6 సెంటీమీటర్ల తీగ, అంతే. బానెట్ ఇనుము అడ్డొస్తోందని దాన్ని గ్రిల్ సందులోంచి బయటికి తీశాను.

మీ గుంటూరింట్లో మామయ్యగారి కారు కూడా కదలకుండా ఉందన్నావుగా. ఇంకో జత తయారు చేస్తున్నా, సంక్రాంతికి వచ్చినప్పుడు బిగించేద్దాం. ఆ బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లో చూసి చెప్పు.

ఇది రాస్తుంటే ఇంట్లో పైబోర్డు ఉన్న డబ్బా మీద 12.41 చూపిస్తోంది. ఆదివారం నాన్నని ఎక్కించుకుని మంగళగిరి దాకా వెళ్ళొస్తాం. పానకాలస్వామిని చూసి చాలా రోజులైందని అంటున్నారు.

నీ
సూరి