స్కానింగ్ సరే, కేటలాగు మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పాత రికార్డుల డిజిటైజేషన్ గురించి వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని లక్షల పేజీలు స్కాన్ చేశారో చెబుతారు. వాటిలో మనకు కావాల్సిన పేజీ ఎక్కడుందో చూపించే కేటలాగు ఊసే ఉండదు.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర కాలంలో ఆయన సహాయకులు కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి రాయించుకొచ్చిన కైఫియ్యత్తుల్లో (ఊళ్ల చరిత్రల్లో) మా ఊరిదీ ఉందేమో చూద్దామని కిందటేడు ఒక రికార్డుల కార్యాలయానికి వెళ్లాను. కౌంటర్‌లో అడిగిన మొదటి మాట "రికార్డు నంబరెంత?" ఒకటిన్నర రోజు ప్రకాశం అని, గుంటూరు అని వెతికి విసిగిపోయాక, అక్కడ పనిచేసే పెద్దాయన ఒకరు అట్ట ఊడిన కేటలాగు తెచ్చి నా ముందు పెట్టి, "నెల్లూరు కింద చూడు అబ్బాయ్" అన్నారు. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, గుంటూరు జిల్లా 1904లో, అంతకుముందు ఒంగోలు తాలూకా నెల్లూరులో ఉండేది! పది నిమిషాల్లో దొరికింది. అది కూడా ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మేమే గుర్తుపట్టలేనట్టు ఉంటే, పక్క ఊరి పేరును బట్టి పోల్చుకున్నాను.

అనంతపురం వాళ్లదీ ఇదే కష్టం, 1882 దాకా అది బళ్లారి జిల్లా. 2022లో జిల్లాలు మళ్లీ మారాయి కాబట్టి రేపు వెతికేవాళ్లకు ఇంకా తికమక.

రికార్డులను ఊళ్లవారీగా కాదు, ఏ ఆఫీసు రాస్తే ఆ ఆఫీసు వరసలోనే ఉంచుతారు. అది మంచి పద్ధతే, కలగాపులగం చేస్తే ఏ కాగితం ఎందుకు పుట్టిందో తెలియకుండా పోతుంది. కానీ అప్పుడు కేటలాగు లేనిదే అడుగు పడదు. మెకంజీ 1821లో పోయాక ఆయన సేకరణకు సంస్కృత పండితుడు విల్సన్ 1828లో కేటలాగు అచ్చు వేయించాడు. ఆ సేకరణ లండన్‌కీ మద్రాసుకీ చీలిపోయినా ఆ కేటలాగును పట్టుకుని ఇప్పటికీ వెతుక్కోగలుగుతున్నాం.

కాబట్టి నా విన్నపం ఒకటే. స్కానింగ్ ఎప్పటికి పూర్తవుతుందో గానీ, ముందు కేటలాగులు, టైపు జాబితాలు, కార్డులు తెలుగులో ఆన్‌లైన్‌లో పెట్టండి, పాత తాలూకా పేరు, ఇప్పటి మండలం పేరు పక్కపక్కన వేయండి. జాతీయ అభిలేఖాగారం వాళ్ల అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే ఫైళ్లు వెతుక్కుంటున్నాం కదా, మన దగ్గర ఎందుకు కాదు?

ఆ అట్ట ఊడిన కేటలాగుకు ఇంకో కాపీ లేదని పెద్దాయనే చెప్పారు. దాంతోనే మొదలుపెట్టండి.

- ఒక పాఠకుడు, ఒంగోలు