తల్లి రొయ్య కన్ను

సంపాదకులకు నమస్కారం.

కౌంటు ధర, మేత ధర, అమెరికా సుంకాలు: రొయ్యల మీద మీ పత్రికలో రోజూ ఏదో ఒకటి చదువుతున్నాను. రొయ్య పడే బాధ గురించి మాత్రం ఎక్కడా కనబడలేదు.

ఉప్పాడ తీరాన ఒక హేచరీలో, అంటే రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రంలో, పదకొండేళ్లు పనిచేశాను. తల్లి రొయ్యల కన్ను తీయడం నా పని. గుడ్డు ఎదగకుండా ఆపే హార్మోను రొయ్య కన్నును మోసే కాడలో ఉంటుంది. ఒక పక్క కాడ తీసేస్తే ఆ అడ్డు తగ్గి, కొద్ది రోజుల్లోనే గుడ్లు కడుతుంది. వేడి చేసిన పట్టకారుతో కాడను గట్టిగా నొక్కాలి. అర నిమిషం పట్టదు. ఆ క్షణాన రొయ్య తోకతో నా అరచేతిని కొట్టే దెబ్బ ఇప్పటికీ మరపు రాదు.

"దీనికి నొప్పి ఉండదా?" అని కొత్తలో అడిగాను. "రొయ్యకు నొప్పేంటయ్యా, ఇంకో కన్నుందిగా" అన్నాడు మా సూపర్‌వైజరు. నొప్పే లేనిదానికి ఇంకో కన్నుందని సర్దిచెప్పుకోవడం దేనికి?

రొయ్యకు లోపల ఏమనిపిస్తుందో నేను చెప్పలేను. అది అరవదు. కానీ కోర్టులో ముద్దాయికి సంశయలాభం ఇస్తాం కదా. హేచరీలో ఆ లాభం పట్టకారుకే దక్కుతోంది. బ్రిటన్‌లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ బృందం 300కు పైగా పరిశోధనలు చూసి, ఇలాంటి జీవాలను బాధ తెలిసినవిగా గుర్తించాలని 2021లో నివేదిక ఇచ్చింది. అక్కడి 2022 చట్టంలో రొయ్యలను, పీతలను బాధ తెలిసిన జీవాలుగా చేర్చారు. మన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమైతే మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువనే అంటుంది.

"రొయ్యల ఇగురు తింటూ ఈ బాధేంటి నాన్నా?" అంటుంది మా అమ్మాయి. తింటున్నాను కనకే అడుగుతున్నాను. చంపడం తప్పా కాదా అన్నది వేరే వాదన. బతికున్నన్నాళ్లు దాన్ని ఎలా ఉంచామన్నది నా చేతుల్లో జరిగిన సంగతి.

కన్ను తీయని తల్లుల నుంచీ సీడు (చెరువులో వేసే రొయ్య పిల్లలు) తీయవచ్చని, ఆ పిల్లలు తెల్లమచ్చ తెగులుకు మెరుగ్గా తట్టుకున్నాయని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. రైతుకు మంచి కబురే. అయితే మనకు లాభమని తేలితే తప్ప దాని నొప్పి లెక్కలోకి రాకూడదా?

హేచరీలను రిజిస్టర్ చేసే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఈ కోత మీద ఒక నిబంధన పెట్టాలి. ఒక్క ట్యాంకు తల్లులను కోయకుండా వదిలి, ఎన్ని గుడ్లు వస్తాయో చూడమని మా పాత యజమానిని పోయిన నెల అడిగాను. ఇంకా ఏమీ చెప్పలేదు.

– ఒక మాజీ హేచరీ టెక్నీషియన్, కాకినాడ జిల్లా