పీడీఎఫ్ చెడిందనకు, ఎక్కడ చెడిందో చెప్పు

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రఘూ,

నీ ఫోటో అందింది. ఫైలు తెరుచుకోవడం లేదని చెప్పడానికి కంప్యూటర్ తెరను ఫోనుతో ఫోటో తీసి, అదీ ట్యూబ్‌లైటు వెలుగు సగం తెరను మింగేసేలా తీసి పంపావు చూడు, నీకు నువ్వే సాటి. అందులో నాకు ఆనింది రెండు ముక్కలు: ఫైలు పాడైంది, బాగుచేయడం కుదరలేదు. దాని కింద నీ ప్రశ్న: "ఇప్పుడేం చేయాలి?" డాక్టరుకు ఫోన్ చేసి "ఒంట్లో బాగాలేదు, ఏదో ఒక మాత్ర చెప్పండి" అన్నట్టుంది.

సరే, నిన్ను మరీ తిట్టలేను. వర్డ్ వదిలెయ్, తెలుగులో లెక్కల పుస్తకం అందంగా రావాలంటే పుస్తకాలు కూర్చే జీలేటెక్ ప్రోగ్రాము నేర్చుకో అని ఏడాది పాటు నీ చెవి కొరికింది నేనే కదా. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. అందుకని కిందటి నెల నా పరువు ఎలా పోయిందో ముందు చెబుతాను. నీ ఫైలు సంగతి తర్వాత చూద్దాం.

రిటైరైన ఒక తెలుగు మాస్టారి స్వీయచరిత్ర చేశాను. 416 పేజీలు, ఫారానికి పదహారు పేజీల లెక్కన 26 ఫారాలు. పాత ఫోటోలు బోలెడు ఉండటంతో ఫైలు బరువెక్కింది. రాత్రి ఒంటిగంటకు చివరి దిద్దుబాట్లు అయ్యాయి. పుస్తకం ఫైళ్ళున్న ఫోల్డరులో ఏది పెట్టినా తనంతట తానే ఇంటర్నెట్‌లోకి ఎక్కేలా పెట్టుకున్నాను. కంపైల్, అంటే రాసినదాన్ని జీలేటెక్ పీడీఎఫ్‌గా మార్చే పని, నడుస్తూండగానే ప్రెస్సు వాళ్ళకు లింకు పంపేసి నిద్రపోయాను. అక్కడ రాత్రి డ్యూటీ కుర్రాడు మహా చురుకైనవాడు. లింకు రావడమే ఆలస్యం, ఫైలు దించేసుకున్నాడు.

పొద్దున ఏడింటికి ప్రెస్సు ఆయన ఫోను. "మాస్టారూ, మీ ఫైలు కళ్ళు తెరవడం లేదండీ." నేను నా కంప్యూటర్‌లో నొక్కాను, చక్కగా తెరుచుకుంది. "నా దగ్గర బాగానే ఉందండీ" అన్నాను. ఈ వృత్తిలో ఇంతకు మించిన పనికిమాలిన మాట లేదురా! "మా దగ్గర లేదు కదండీ" అన్నాడాయన, శాంతంగా. ప్లేట్లు తీయడానికి మిషను ఖాళీగా ఎదురుచూస్తోందట.

అప్పుడు బుద్ధి తెచ్చుకుని అడిగాను, ఫైలు సైజు ఎంత అని. "పద్దెనిమిది ఎంబీ ఉంటుందండీ." అలా కాదు, ప్రాపర్టీస్ తెరిచి బైట్లు చదవమన్నాను. 18,833,408 అన్నాడు. నా దగ్గరిది 21,640,957. రోగం అక్కడే దొరికిపోయింది. ఇంకో చిన్న చిట్కా కూడా ఉంది, నువ్వు లెక్కల మాస్టారివి కాబట్టి నచ్చుతుంది. ఆయన చదివిన అంకెను 4096తో భాగించు. శేషం లేకుండా 4598 వస్తుంది. ప్రోగ్రాములు ఫైలును బైటు బైటుగా రాయవు, దోసిళ్ళతో పోస్తాయి. ఆ దోసిలి చాలాసార్లు 4096 బైట్లు. పూర్తిగా రాసిన ఫైలు సరిగ్గా దోసిలి అంచున ముగియడం 4096 సార్లలో ఒక్కసారి జరిగే ముచ్చట. అలా ముగిసిందంటే ఇంకా పోస్తూండగానే ఎవరో బిందె ఎత్తుకుపోయారని అనుమానించాలి. ఇక్కడ ఎత్తుకుపోయింది ఆ ఫోల్డరు, దించుకున్నది కుర్రాడు, తొందరపడింది నేను. మళ్ళీ దించుకోమన్నాను, తెరుచుకుంది.

ఎనభై ఏడు శాతం వచ్చిన ఫైలు ఒక్క పేజీ కూడా ఎందుకు చూపించదని నువ్వు అడుగుతావు. పీడీఎఫ్‌ను చదివే ప్రోగ్రాము ముందు నుంచి చదవదు, తోక నుంచి చదువుతుంది. ఫైలు చివర్లో రెండు శాతం గుర్తులు, వాటి పక్కన ఈఓఎఫ్ అన్న మూడు అక్షరాలు ఉంటాయి. దానికి పై లైనులో ఒక అంకె. ఫలానా బైటు దగ్గరికి వెళ్ళు, అక్కడ పట్టిక ఉంది అని ఆ అంకె చెబుతుంది. ఆ పట్టికలో ప్రతి వస్తువూ, అంటే ప్రతి పేజీ, ప్రతి బొమ్మ, ప్రతి ఫాంటు, ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో రాసి ఉంటుంది. పాత పద్ధతి పీడీఎఫ్‌లలో అయితే ఒక్కో వరుస ఖచ్చితంగా 20 బైట్లు, చిరునామాకు పది అంకెలు. రాసే ప్రోగ్రాముకు అన్నీ రాసేదాకా ఏది ఎక్కడ పడిందో తెలియదు కాబట్టి పట్టికను చివర్లో పెడుతుంది. తోక తెగితే సరుకంతా గోదాములోనే ఉంటుంది, తాళాలు మాత్రం పోతాయి.

తోక గురించి చెప్పాను కాబట్టి తల గురించి కూడా చెప్పనీ, ఇది నాకు భలే ఇష్టమైన సంగతి. పీడీఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి లైనులో పీడీఎఫ్ అనీ, వెర్షన్ నంబరూ ఉంటాయి. రెండో లైనులో శాతం గుర్తు తర్వాత నాలుగు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అవి చెత్త కాదు. ఇది మామూలు టెక్స్ట్ కాదు, ముట్టుకోవద్దు అని ఫైళ్ళు మోసే ప్రోగ్రాములకు చెప్పడానికి కావాలనే పెట్టిన దిష్టిబొమ్మలు. ఒక్కోదాని విలువ 128 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలని నియమం. పుస్తకాలు కూర్చే ఇంకో ప్రోగ్రాము పీడీఎఫ్‌టెక్ చేసినవాళ్ళు ఏం చేశారంటే, పి, టి, ఇ, ఎక్స్ అనే నాలుగు అక్షరాల కోడ్‌లకు తలా 128 కలిపి అక్కడ పెట్టారు. నువ్వు వాడే జీలేటెక్‌కు ఇంజిను జీటెక్. దాని వెనకాల పీడీఎఫ్ రాసి ఇచ్చే ప్రోగ్రాము ఎక్స్‌డీవీఐపీడీఎఫ్ఎమ్‌ఎక్స్ (పేరు పలికేలోపు పుస్తకం అచ్చయిపోతుంది), అది డి, పి, ఎమ్, ఎక్స్ పెడుతుంది, అవీ 128 కలిపే. అంటే ఆ పిచ్చి అక్షరాలు చూసి ఈ ఫైలు ఎవరి కడుపున పుట్టిందో చెప్పేయవచ్చు. శిల్పి ఏదో మూల తన పేరు చెక్కుకున్నట్టు లేదూ?

ఆ దిష్టిబొమ్మ అవసరం ఏమిటో గుంటూరులో ఇంటర్నెట్ సెంటరు రోజుల్లో నాకు అనుభవమైంది. ఫైళ్ళు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీలో టెక్స్ట్ మోడ్ పెట్టి పీడీఎఫ్ పంపాను. లైను మారినట్టు కనిపించే ప్రతి బైటు ముందూ అది ఇంకో బైటు చేర్చుకుంటూ పోయింది. అర ఎంబీ ఫైలు రెండు కేబీ బలిసింది, లోపలి చిరునామాలన్నీ జరిగిపోయాయి, కుదించిన బొమ్మలు ముక్కలయ్యాయి. చిక్కిన ఫైలు తెగింది, బలిసిన ఫైలు దారిలో కల్తీ అయింది. సైజు చూడమని నేను పోరు పెట్టేది ఇందుకే. సైజు సరిపోయినా అనుమానం ఉంటే రెండు వైపులా చెక్‌సమ్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె, తీసి పోల్చుకుంటే సరి.

మళ్ళీ ప్రెస్సుకు వద్దాం, కథ అయిపోలేదు. మధ్యాహ్నం మళ్ళీ ఫోను. "అన్నీ బాగున్నాయి మాస్టారూ, 213వ పేజీలో మాత్రం ఫ్రెంచ్ భాష ఉందేమిటండీ?" అది మాస్టారి వంశవృక్షం. ఫ్రెంచ్ వాళ్ళెవరూ ఆ వంశంలో లేరు. ఆ పేజీని ఆయన మేనల్లుడు ఏనాడో పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో చేయించి పెట్టుకున్నాడు. ఆ పీడీఎఫ్‌నే నేను బొమ్మలా తెచ్చి అతికించాను. ఆ పాత ఫాంట్ల సంగతి నీకు తెలుసుగా. వాటిలో తెలుగు అక్షరాలు యూనికోడ్ (అన్ని భాషలకూ ఉమ్మడి కోడ్) చిరునామాల్లో ఉండవు, ఇంగ్లీషు అక్షరాల ఇళ్ళల్లో అద్దెకుంటాయి. ఫాంటు ఉన్న చోట తాతగారి పేరు కనిపిస్తుంది, లేని చోట అసలు ఇంటివాళ్ళు బయటికొస్తారు, నెత్తిన గీతలూ చుక్కలూ పెట్టుకుని. నా కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంది కాబట్టి నాకు ఎప్పుడూ తేడా కనిపించలేదు.

ఇది పట్టుకోవడానికి పీడీఎఫ్‌ఫాంట్స్ అని చిన్న పనిముట్టు ఉంది, పాప్లర్ అనే పీడీఎఫ్ పనిముట్ల మూటతో పాటు వస్తుంది. ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా చూడాలో చెప్పి నడిపితే, వాడిన ఫాంట్లన్నీ వరుసగా పెడుతుంది. అందులో ఈఎంబీ అనే గడి చూడాలి. అంటే ఫాంటు ఫైలులో పొదిగి ఉందా లేదా అని. నా మందారి, రామభద్ర అన్నిటికీ అవును అనీ, ఈ ఒక్క పాత ఫాంటుకు కాదు అనీ వచ్చింది. మందారి కాదు, మండలి. చూశావా, రాత్రి పన్నెండైతే నా తలలోనూ అక్షరాలు మారిపోతున్నాయి. ఫైలు పాడవలేదు, పాడైనట్టు కనిపించిందంతే. వంశవృక్షం మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ కొట్టాను, మూడు గంటలు పట్టింది. ఏడు తరాల్లో నలుగురు వెంకట సుబ్బయ్యలు.

నిజానికి నా కోపమంతా ఈ చూపించే ప్రోగ్రాముల మర్యాద మీద. కాస్త విరిగిన ఫైలు ఇచ్చినా బ్రౌజరు చాలాసార్లు మారుమాట్లాడకుండా లోపల పట్టికను మళ్ళీ అల్లుకుని నవ్వుతూ చూపిస్తుంది. మనం బాగుందనుకుని పంపిస్తాం. ప్రెస్సులో యంత్రానికి ఆ మర్యాదలు ఉండవు, నోరు మూసుకుని ఆగిపోతుంది. అక్రోబాట్‌లో అయితే ఒక ఆనవాలు ఉంది. నువ్వు ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఫైలు మూస్తుంటే "మార్పులు దాచమంటారా" అని అడిగిందా, అది తెరిచేటప్పుడు చాటుగా ఏదో కుట్టిందన్నమాట. నేనిప్పుడు ఏ ఫైలైనా బయటికి పంపే ముందు క్యూపీడీఎఫ్ అనే పనిముట్టుతో ఒకసారి చెక్ చేయిస్తాను. దానికి మొహమాటం లేదు, ఎక్కడ తప్పుందో మొహం మీద చెబుతుంది.

ఇక నీ ఫైలు. దాన్ని బాగుచేసే సైట్లలో పెట్టకు. పరీక్ష ప్రశ్నలున్న పుస్తకాన్ని ఊరూ పేరూ తెలియని చోట పెట్టడమేమిటి అసలు? ఇంకొకరు పంపిన ఫైలు చెడితే మ్యూటూల్, ఘోస్ట్‌స్క్రిప్ట్ వంటి పనిముట్లతో దొరికినంత దక్కించుకోవడం వేరు. నీ చేతిలో మూలం ఉంది. విరిగిన కుండకు లక్క పూయడం దేనికి, మట్టి నీ దగ్గరే ఉండగా?

ముందు చూసే ప్రోగ్రాము మూసెయ్. విండోస్‌లో అక్రోబాట్ తెరిచి ఉంటే కొత్త ఫైలు దాని మీద రాయలేదు, నువ్వు పాతదాన్నే చూస్తూ కూర్చుంటావు. డిస్కులో చోటుందో లేదో కూడా చూడు. పాత పీడీఎఫ్‌నూ, కంపైల్‌లో పుట్టే ఆక్స్ వంటి పక్క ఫైళ్ళనూ తీసేసి మళ్ళీ కంపైల్ చెయ్. ఎడిటరులో బొత్తాం నొక్కి కాదు, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లో చెయ్. ఎందుకంటే నీ ఫోటో అడుగున, వెలుగు పడని మూల, నాకు 256 అన్న అంకె కనిపించినట్టుంది. అది నిజమైతే జీటెక్ తన పని పూర్తి చేసింది, పీడీఎఫ్ రాసే వెనకాలి ప్రోగ్రామే మధ్యలో కూలిపోయింది. ఫైలు చెల్లకపోవచ్చు అని ఆ పక్కనే రాసి ఉంటుంది చూడు. ఎందుకు కూలిందో ఆ రెండోది చెప్పే మాట లాగ్ ఫైలులోకి ఎక్కదు, టెర్మినల్ తెర మీద మాత్రమే పడుతుంది. ఇంకా తేటగా కావాలంటే నో పీడీఎఫ్ అనే ఆప్షన్ పెట్టి జీలేటెక్ నడుపు. పీడీఎఫ్‌కు ముందు మెట్టయిన ఎక్స్‌డీవీ ఫైలు వస్తుంది. దాని మీద ఆ పలకలేని పేరు ప్రోగ్రామును విడిగా, -vv అనే ఆప్షన్ పెట్టి నడుపు. ఏ పేజీలో ఏ బొమ్మ దగ్గర చతికిలపడిందో అదే వాగుతుంది.

నా అనుమానం బొమ్మల మీదే. పిల్లలు ఫోన్లలో పంపిన రేఖాచిత్రాలు పెట్టానన్నావు కదా, వాటిలో ఏదో ఒకటి సగమే దిగి ఉంటుంది. పేరు చూస్తే పీఎన్‌జీ, లోపల చూస్తే ఏదో లాగిన్ వెబ్ పేజీ (హెచ్‌టీఎంఎల్) ఉంటుంది. ఏదో తెలియకపోతే సగం బొమ్మలు తీసి కంపైల్ చెయ్, నడిస్తే దొంగ తీసిన సగంలో ఉన్నట్టు. మళ్ళీ అందులో సగం. 300 బొమ్మలున్నా తొమ్మిది సార్లలో దొరుకుతాడు, లాగరిథమ్ నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకోటి, పీడీఎఫ్‌లోంచి "స్త్రీ" కాపీ చేస్తే ముక్కలై వస్తోందని ఆ మధ్య అన్నావు. అది ఫైలు చెడటం కాదు. ఒత్తులు కలిసి ఒక్క ఆకారమైపోయాక, ఆ ఆకారం వెనక అసలు ఏ అక్షరాలున్నాయో పీడీఎఫ్‌కు సరిగ్గా గుర్తుండదు. జీటెక్‌లో జనరేట్ యాక్చువల్ టెక్స్ట్ అనే మీట ఉంది, దానికి 1 ఇస్తే మాట వెనకే అసలు అక్షరాలు కూడా దాస్తుంది. కాపీ చాలావరకు బాగుపడుతుంది. దాని సంగతి తీరిగ్గా చూద్దాం.

రేపు సాయంత్రంలోగా టెర్మినల్లో వచ్చినదంతా కాపీ చేసి పంపు. అక్షరాలుగా పంపరా బాబూ, ఫోటోగా కాదు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
మూర్తి