పులి సంగతి, మాబూకు

కర్నూలు,
ఆదివారం

మాబూ,

ఎట్లున్నావు రా? పాపకు జ్వరం తగ్గిందా? మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నాలుగు రోజులైనా నన్ను వదలలేదు. "అహింస అంటే చేతగానితనం. మా కోయిలకుంట్లలో మనిషి తలను కోటకు వేలాడదీసినోళ్లకు సలాం కొడితే పోతారా?" అన్నావు. నేను నోరు తెరిచేలోపు పాప ఏడ్చింది, నువ్వు ఫోన్ పెట్టేశావు. వాట్సాప్‌లో రెండు ముక్కలు రాస్తే తేలే సంగతి కాదిది. అందుకే పొద్దున్నుంచి కాగితాలు ముందేసుకుని కూర్చున్నా.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని తక్కువ చేసే మాట నా నోట రాదు. కుంపిణీ మీద, అంటే ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడినందుకు 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీశారు. తలను మాత్రం 1877 దాకా కోటకే ఉంచారు. ముప్పై ఏళ్లు మాబూ! సంతకు పోయేవాళ్లు, పెళ్లికి పోయేవాళ్లు, కిస్తు కట్టను పోయేవాళ్లు అందరూ దాన్ని చూడాలనే కదా ఉంచింది? కుంపిణీకి చచ్చిన మనిషితో పని తీరిపోయింది. బతికున్నవాళ్ల భయంతో ఇంకా పనుంది. ఆ భయం పోతే తెల్లవాడి దగ్గర ఏం మిగులుతుంది అన్నది గాంధీ అడిగిన ప్రశ్న. నువ్వు కోటకేసి చూసి కత్తి గుర్తు చేసుకుంటున్నావు. నాకు ఆ కింద తల దించుకుని నడిచిపోయినవాళ్లు గుర్తొస్తున్నారు.

గాంధీ పుస్తకం 'హింద్ స్వరాజ్' నేను డిగ్రీలో పరీక్ష కోసం చదివా, తలకెక్కలేదు. ఈ ఎండాకాలం మళ్లీ తీశా. 1909 నవంబర్‌లో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో పోతూ పది రోజుల్లో గుజరాతీలో రాశాడు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో రాశాడు. మరుసటి ఏడే బొంబాయి ప్రభుత్వం నిషేధించింది. అందులో ఒక పాఠకుడు అడుగుతుంటాడు, సంపాదకుడు బదులిస్తుంటాడు. ఆ పాఠకుడు అచ్చం నువ్వే రా. అదే కోపం, అదే తొందర, దేశమంటే అదే ప్రాణం. అతనికి గాంధీ చెప్పిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయా. ఇంగ్లీషువాళ్లు ఈ దేశాన్ని తీసుకోలేదు, మనమే ఇచ్చాం అంటాడు.

మొదట ఒళ్లు మండింది. 'ఇచ్చేసిన' అన్న మాట మన సీమకు పేరుగానే ఉండేది కదా! 1800లో నిజాం తన దగ్గరున్న కుంపిణీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప దిక్కంతా రాసిచ్చాడు. అప్పటి నుంచి మనవి సీడెడ్ జిల్లాలు, దత్త మండలాలు. ఒక్క రైతునైనా అడిగారా? మన ఊళ్లు, మన చెరువులు, మన మనుషులు ఒక అప్పు కింద చెల్లిపోయారు. 'మనమే ఇచ్చాం' అంటే ఆ 'మనం'లో మా జేజినాయన తాతలు లేరు, మీ వాళ్లూ లేరు. ఈ ఒక్కచోట గాంధీతో నాకు ఇప్పటికీ పేచీనే.

కానీ రెండు రోజులు పోయాక మన్రో గుర్తొచ్చాడు. థామస్ మన్రో ఇక్కడికి కలెక్టర్‌గా వచ్చినప్పుడు ఆయన కింద తెల్ల అసిస్టెంట్లు నలుగురు. ఇంత సీమకు ఐదుగురు దొరలు! చేలు కొలిచింది మనవాళ్లు, లెక్క రాసింది మన కరణాలు, శిస్తు వసూలు చేసింది ఊరి రెడ్లు. నిజాం ఇచ్చింది ఒక్కసారే. మిగిలిందంతా ఊరూరా, ఏటేటా మళ్లీ మళ్లీ ఇస్తేనే నడిచింది. గాంధీ మాటను నేను ఇప్పుడు అలా అర్థం చేసుకుంటున్నా. ఇచ్చే చెయ్యి వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నాక పడే దెబ్బకు సిద్ధంగా ఉండాలి.

మా అవ్వ పుట్టినిల్లు రాయచోటి దిక్కు అని నీకు తెలుసు కదా. పుల్లరి, బందెలదొడ్డి అన్న మాటలు నేను మొదట విన్నది ఆమె దగ్గరే. 1882 అడవి చట్టం తర్వాత సర్కారు కొండల చుట్టూ గీత గీసింది. తాతల నాటి నుంచి మేసిన చోటనే మేపినందుకు పుల్లరి అని డబ్బు కట్టమంది. 1921 జూలై నుంచి రాయచోటి తాలూకాలో జనం పుల్లరి కట్టకుండానే పశువులను అడవిలోకి తోలారు. సెప్టెంబర్‌కల్లా పల్నాడులోనూ అదే మొదలైంది. ఆ పొద్దు మంద వెనక నడిచిన మనిషిని ఒక్కసారి తలుచుకో. గొడ్లను బందెలదొడ్డికి తోలుకుపోతారని తెలుసు. విడిపించుకోను డబ్బు లేకపోతే వేలం వేస్తారని తెలుసు. తననూ పట్టుకుపోతారని తెలుసు. అవే అతని ఆస్తి, అవే పిల్లల గంజి. తెలిసి కూడా తోలాడు. దీన్ని చేతగానితనం అనగలవా రా నువ్వు?

ఆ సెప్టెంబర్ 22న మధురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి గుడ్డకు మారాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే కడప, తాడిపత్రి, కర్నూలు మీదుగా పోయాడు. మన జనం ఆయన్ను ఆ గుడ్డలో మొదట చూసినవాళ్లలో ఉన్నారు. కర్నూలులో ఏ దారిన పోతున్నా నాకు ఇది గుర్తొచ్చి మనసు నిండుతుంది.

ఇప్పుడు పులి సంగతి. 1883లో ఈ కర్నూలులోనే పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును, రాజమండ్రిలో చదువుతుండగా వందేమాతరం ఉద్యమంలో దిగినందుకు కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. తర్వాత బెజవాడలో పత్రిక పెట్టాడు. ఆ పత్రిక పేరే స్వరాజ్య. 1908లో తిరునెల్వేలిలో పోలీసులు జనాన్ని కాల్చి చంపితే, ఫిరంగీని క్రూర వ్యాఘ్రమని పిలుస్తూ రాశాడు. ఆ రాతకే జైలు. మరుసటి ఏడు ఆయన వేలూరు జైలులో ఉన్నాడు. అదే ఏడు ఓడలో కూర్చుని గాంధీ తన పాఠకుడితో అంటాడు: నీకు పులి వద్దు, పులి గుణం మాత్రం కావాలి. ఇంగ్లీషువాడు పోయి అదే పోలీసు, అదే కచేరి, అదే పెత్తనం మనవాడి చేతికొస్తే అది స్వరాజ్యమా అని అడుగుతాడు.

ఒకరికి ఒకరి రాత తెలియదనే అనుకుంటా. అయినా మనవాడు పులిని పులి అని పిలిచి జైలుకు పోయాడు, గాంధీ ఆ పులి మనలోకి రాకూడదన్నాడు. నాకు ఇద్దరూ కావాలి మాబూ. మొదటి మాట అనే ధైర్యం లేనివాడికి రెండో మాట అనే హక్కు లేదు. హరిసర్వోత్తమరావు జైలు నుంచి వచ్చాక గ్రంథాలయాలు, వయోజన విద్య అంటూ ఊరూరా తిరిగాడు. చదవడం రాని మనిషి వేలిముద్ర ఎవడైనా తీసుకోవచ్చు. తనను తాను ఏలుకోవడం అంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలని ఆయన నమ్మాడనిపిస్తుంది.

అన్నిటికీ తల ఊపాననుకోకు. డాక్టర్ల మీద గాంధీ రాసిన పేజీలు నాకు పట్టవు. మా అమ్మకు గుండె ఆపరేషన్ అయిన రాత్రి ఆస్పత్రి వరండాలో నేనెంత టెన్షన్ పడ్డానో నీకు తెలుసు, పక్కన కూర్చున్నది నువ్వే. రైళ్లు కరువును పెంచాయన్న మాటను మాత్రం, 1876-78 ధాత కరువు కథలు విన్న సీమ మనిషిగా, అంత తేలిగ్గా తోసెయ్యలేను. గింజ ధర ఎక్కువున్న చోటికి పోతుంది. ఆకలి ఉన్న చోటే ఉంటుంది.

1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో 22 మంది పోలీసులు చనిపోతే గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమమే ఆపేశాడు. అది నన్ను ఇంకా సలుపుతుంది. ఎక్కడో జరిగినదానికి ఇక్కడ మంద తోలినవాడు ఏం చేశాడు? పులి గుణం లోపలికి వస్తుందని ఆయన భయపడ్డాడు, అది అర్థమవుతుంది. కానీ పశువులు పోగొట్టుకున్న మనిషికి ఆ మాట చెప్పమంటే నాకు నోరు రాదు. దీని మీద నీతో పొద్దుపోయేదాకా మాట్లాడాలి.

దసరాకు వస్తావు కదా? కోయిలకుంట్లకు నంద్యాల మీదుగా పోదాం. 1928లో నంద్యాలలో జరిగిన సభలోనే చిలుకూరి నారాయణరావు గారు దత్త మండలాలన్న పేరు తీసేసి రాయలసీమ అందామన్నారు. ఒకడు ఇచ్చిన పేరును వద్దని మన పేరు మనమే పెట్టుకున్న ఊరది. ఈలోగా మీ అబ్బాజాన్‌ను అడిగి ఆ పాత ట్రంకు పెట్టె తీయించు. కిస్తు రసీదులు ఉన్నాయని ఒకసారి అన్నాడు. వాటిలో పుల్లరి రసీదు ఒక్కటైనా ఉంటే జాగ్రత్తగా పక్కన పెట్టు, వచ్చాక చూస్తా.

పాపకు ముద్దులు. చెల్లెలికి అడిగానని చెప్పు.

నీ
రమణ