బావా, ముందు నీళ్ళ సంగతి కనుక్కో

ఒరేయ్ బావా,

నీకు హైదరాబాద్ బదిలీ అయిందని తెలిసి అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. అద్దెలెంత, లిఫ్ట్ ఉంటుందా, బడి ఎంత దూరం అని బోలెడు అడిగావు. అవన్నీ తర్వాత రాస్తాను. నువ్వు అడగనిది ఒకటుంది, రెండేళ్ళుగా మమ్మల్ని ఏడిపిస్తున్నది అదే. వాడుక నీళ్ళు.

రాజమండ్రిలో పెరిగినవాడివి, నీకిది తట్టదు. నాకూ తట్టలేదు. ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన కొత్తలో కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉండేది. పాత పప్పు అంటగట్టాడని కొట్టాయనతో గొడవపడి కొట్టు మార్చేశాను. కొత్త పప్పూ అంతే. ఓ రోజు అమ్మ తాగే నీళ్ళు పోసి వండితే మూడు విజిల్స్‌కే వెన్నలా ఉడికింది. బోరు నీళ్ళలోని కాల్షియం గింజలో కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్‌ అనే పదార్థాన్ని బిగించేస్తుందిరా, ఇక మెత్తబడదు. ఆ కొట్టాయన దగ్గరికి వెళ్ళి తప్పయిపోయిందని చెప్పి వచ్చాను.

తర్వాత గీజర్. నీళ్ళు కాగడానికి ముప్పావు గంట పట్టేది, లోపల టపటపమని చప్పుడు. మెకానిక్ విప్పితే కాయిల్ కనబడలేదు, చుట్టూ సున్నం గడ్డే ఉంది. ఈ నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా కాయిల్‌కి పట్టేస్తుంది. ఆ పెచ్చు వేడిని నీళ్ళదాకా పోనివ్వదు. కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి కాయిల్ మాడిపోతుంది. షవర్ కన్నాలు పూడిపోవడం, స్టీలు గ్లాసుల మీద తెల్ల మచ్చలు, తువ్వాళ్ళు అట్టల్లా బిగుసుకోవడం, ఇవన్నీ ఈ నీళ్ళ పనే. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెడితే షవర్ మళ్ళీ బాగుపడింది.

నాకు నిజంగా బాధేసింది మాత్రం అమ్మ విషయంలో. ఆవిడ జడ నీకు గుర్తుందిగా! ఇక్కడికొచ్చాక జుట్టు పీచులా అయిపోయింది, దువ్వెన దిగదు. వయసు మీద పడిందిలే అని ఊరుకుంది, ఎవరికీ చెప్పలేదు. సబ్బు ఈ నీళ్ళలో నురగ రాకముందే కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది. బకెట్ అంచున కనబడే ఆ జిడ్డే ఒంటిమీదా, జుట్టులోనూ మిగిలిపోతుంది. కుంకుడుకాయకి ఆ బెడద లేదు, దాని నురగ అలా తెట్టు కట్టదు. అమ్మ మళ్ళీ కుంకుడుకాయలే మొదలుపెట్టింది. ఇప్పుడు కాస్త నయం.

ఈ ఊరంతా గ్రానైట్ మీద ఉంది. వాన నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోకే దిగాలి, అక్కడ ఏళ్ళ తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటాయి. మునిసిపల్ నీళ్ళు అలా కాదు, అవి నదివి. అందరూ అలవాటుగా మంజీరా నీళ్ళనే అంటారుగానీ, కృష్ణ 2004 నుంచి, గోదావరి 2015 నుంచి నగరానికి వస్తున్నాయి. ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో వచ్చేది మన గోదారేరా! మా అపార్ట్‌మెంట్‌లో ఆ నీళ్ళను బోరు నీళ్ళతో, ట్యాంకర్ నీళ్ళతో కలిపి ఒకే సంపులో పోస్తారు. నాకది తలుచుకుంటేనే ఉసూరుమంటుంది.

ఫిల్టర్ అమ్మడానికి ఒకతను వచ్చి టీడీఎస్ మీటర్ ముంచి భయపెట్టాడు. అది నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, కాఠిన్యం, అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో, వేరే కొలవాలి. చుక్కల కిట్ దొరుకుతుంది, నీళ్ళు ఎరుపు నుంచి నీలానికి మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే గతి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మా బోరు 600 దాటింది. కాఠిన్యం వల్ల ఆరోగ్యం చెడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ పరిమితీ పెట్టలేదు, కాబట్టి ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు. అవస్థంతా వంటింట్లో, స్నానాల గదిలో.

మొన్న అసోసియేషన్ మీటింగ్‌లో పట్టుబట్టాను. మొత్తం బిల్డింగ్‌కి సాఫ్టెనర్, అంటే నీళ్ళ కాఠిన్యం తగ్గించే యంత్రం, పెట్టడానికి ఒప్పుకున్నారు. అందులోని రెసిన్ కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది, ఉప్పు నీళ్ళతో కడిగితే మళ్ళీ పనికొస్తుంది. సోడియం మొక్కలకి మంచిది కాదు గనక తోటకి వేరే లైన్ వదలమన్నాను. వానలు మొదలయ్యేలోపు ఇంకుడు గుంత కూడా తవ్విస్తున్నాం. వాన నీళ్ళు దిగితే బోరులో ఆ గాఢత కాస్తయినా తగ్గుతుంది.

ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఓనర్ మాట నమ్మెయ్యకు. జేబులో సబ్బు ముక్క వేసుకుని రా, స్నానాల గది కుళాయి కింద చేతులు రుద్దుకుని నురగ వస్తుందో లేదో చూడు. మునిసిపల్ నీళ్ళకి సంపు వేరుగా ఉందేమో వాచ్‌మన్‌ని అడుగు. నేనూ నీతో వస్తాను.

అన్నట్టు, వచ్చేటప్పుడు మీ పెరటి కుంకుడుకాయలు ఒక రెండు కిలోలు పట్టుకురా. ఇక్కడ దొరికేవి పుచ్చులు. అమ్మ నీకు చెప్పమని మరీ మరీ చెప్పింది.

నీ బావ