రికన్సిలియేషన్ వీక్: మన డేకేర్‌లో ఏం చేస్తున్నాం, ఎందుకు చేస్తున్నాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మే 27 నుంచి జూన్ 3 వరకు ఆస్ట్రేలియా అంతటా రికన్సిలియేషన్ వీక్, అంటే ఈ దేశ ఆదివాసులకూ మిగతావాళ్లకూ మధ్య సయోధ్య కోసం జరిపే వారం. ఈసారి మనమూ చేస్తున్నామని చెప్పగానే కొందరు, "తెలుగు మాట్లాడతారనే కదా ఇక్కడ చేర్పించాం, ఆదివాసుల సంగతులు ఎలాగూ స్కూల్లో చెప్తారు" అన్నారు. మొహమాటపడకుండా అడిగినందుకు సంతోషం. నేనూ అలాగే చెప్తాను.

డేకేర్‌లు ఆదివాసుల గురించి చెప్పాలన్న రూల్ ఉన్న మాట నిజమే. బడికి వెళ్లే ముందు పిల్లల కోసం దేశమంతా పాటించే బోధనా ఫ్రేమ్‌వర్క్‌ను 2022లో సవరించినప్పుడు ఆదివాసుల దృక్పథాన్ని అందులో ఒక మూలసూత్రంగా పెట్టారు. కానీ రూల్ లేకపోయినా నేను చేసేదాన్నే. ఎందుకంటే నాది పిల్లల్ని చూసుకునే పని. ఈ దేశ ఆదివాసులైన అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ ప్రజల పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి ప్రభుత్వాలు లాక్కెళ్లింది కూడా వాళ్ల మంచి కోసమేనని చెప్పే. 1910 నుంచి 1970 మధ్య పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి వరకు పిల్లలు అలా దూరమయ్యారని 1997లో వచ్చిన జాతీయ విచారణ నివేదిక తేల్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అయినా ఒక అబోరిజినల్ అమ్మమ్మకు తన మనవణ్ని డేకేర్‌లో వదిలి వెళ్లాలంటే ఈరోజుకీ మనసు ఒప్పకపోతే, అందులో ఆమె తప్పేమీ లేదు. ఆమె నమ్మి అడుగుపెట్టగలిగే చోటుగా ఉండటం మా వృత్తిలో ఉన్నవాళ్ల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మూడేళ్ల పిల్లలకు ఈ కథ చెప్పం. ఆ టెన్షన్ వద్దు. వాళ్లకు చెప్పేది మనం నిలబడ్డ నేల గురించి. మన వెర్రిబీ నది చుట్టుపక్కల భూమి కులిన్ అనే ఆదివాసీ జాతుల్లోని వడవురుంగ్, బునురాంగ్ ప్రజలది. పొద్దున పాటలకు ముందు ఆ మాట ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పుకుంటాం. పెరట్లో మర్నాంగ్ మొక్కలు నాటుతున్నాం. పసుపు పూలు పూస్తుంది, వేళ్లలో తియ్యటి దుంప ఊరుతుంది. ఒకప్పుడు ఈ మైదానాల్లో విరివిగా ఉండేది. ఆడవాళ్లు కర్రలతో తవ్వి తీసి, వండి ఇంటిల్లిపాదికీ పెట్టేవాళ్లు. 1830లలో వలసదారులు తెచ్చిన గొర్రెలు దాన్ని దాదాపు లేకుండా చేశాయి. మట్టిలో చేతులు పెట్టడమంటే మన పిల్లలకు ఎంత ఇష్టమో మీకు తెలుసుగా.

ఆదివాసుల కళ అనగానే గుర్తొచ్చే చుక్కల బొమ్మలు మాత్రం వేయించం. ఆ చిత్రాలు ఇక్కడివి కావు, 1971లో పశ్చిమ ఎడారి ప్రాంతంలోని పపున్యాలో మొదలైన కళ. వాటిలో గీసేవి ఆ కుటుంబాల కథలు, చూసి కాపీ కొట్టేవి కావు.

కథలు చెప్పడానికి ఒక అబోరిజినల్ టీచర్ వస్తున్నారు. సంగీతం మాస్టారికి ఇచ్చినట్టే ఆవిడకూ పూర్తి ఫీజు ఇస్తున్నాం, ఉచితంగా రమ్మని అడగడం నాకు నచ్చదు. ఆ ఖర్చు డేకేరే భరిస్తుంది, మీ ఫీజు పెరగదు.

పెద్ద పిల్లలు ఈ తేదీలే ఎందుకని ఇంట్లో అడగొచ్చు. 1967 మే 27న ఆదివాసులను జనాభా లెక్కల్లో చేర్చడానికి 90 శాతానికి పైగా ఓటర్లు అవునన్నారు. 1992 జూన్ 3న, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ అయిన ఎడ్డీ మాబో భూమి హక్కుల కోసం మొదలుపెట్టిన కేసులో, ఈ భూమి ఎవరిదీ కాదన్న పాత వాదాన్ని ఇక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు కొట్టేసింది. తీర్పు వచ్చేసరికి ఆయన బతికి లేరు.

టీచర్ వచ్చే రోజు మీరూ కూర్చోవచ్చు. నాన్నమ్మలు, తాతయ్యలు వస్తే ఇంకా సంతోషం. కుర్చీలు సర్దుకోవాలి కాబట్టి ముందుగా ఒక మెసేజ్ పెట్టండి.