వానలు వచ్చి పోయాయి, ఫెలోషిప్ రాలేదు: మత్స్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మీకిది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ ‘తగు చర్య నిమిత్తం’ అంటూ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి దిగి దిగి, చివరికి మా గైడ్ గారి టేబుల్ మీద తేలాయి. అందుకే ఈసారి నలుగురి ముందూ రాస్తున్నాను.

పరిశోధన చేసే విద్యార్థులకి ఖర్చుల కోసం ఫెలోషిప్ డబ్బు ఇచ్చే పథకం గురించి మీకు చెప్పేదేముంది, ఉత్తర్వు ఇచ్చింది మీరే. ఎంపికైన వాళ్ల జాబితాలో నా పేరుంది. పేరు జాబితాలోనే ఉంది, డబ్బు మాత్రం బ్యాంకులో పడలేదు.

ఏటి చేపలు గుడ్లు పెట్టే తీరు మీద నా పరిశోధన. బొచ్చె, శీలావతి, మోసు చేపలు కొత్తనీరు వచ్చి ఏరు పొంగితేనే గుడ్లు పెడతాయి. ఆ రెండు మూడు నెలలే నా పనికి ప్రాణం. ఆఫీసు వాళ్లకేమో మార్చి 31 లోపు విడుదలైతే లెక్క సరిపోయినట్టే. మార్చిలో డబ్బొస్తే ఇసుకలో వల వేయమంటారా సార్? ఒక వాన దాటిందంటే మళ్లీ ఏడాది ఆగాలి. ఇప్పటికి రెండు వానలు పోయాయి.

జన, అంటే చేప కడుపులోని గుడ్ల సంచి, ఎంత ఎదిగిందో చూడాలంటే చేప పొట్ట కోయాలి. పొట్ట కోసిన చేపని రేవులో మంచి ధరకి ఎవరూ కొనరు, మొత్తం నేనే కొనుక్కోవాలి. అలా పన్నెండు నెలలూ. మొన్న జులైలో ఒక పెద్ద బొచ్చె పడింది. పొట్ట మీద వేలు ఆనిస్తే గుడ్లు జారుతున్నాయి. నా దగ్గర సగం డబ్బే ఉంది. వల వేసినాయన నా మొహం చూసి, ‘‘జన నువ్వు తీసుకో అమ్మా, చేపని ముక్కలు చేసి అమ్ముకుంటాలే’’ అన్నాడు. ఆ నెల నా పరిశోధనకి నిధులిచ్చింది ఆయన. థీసిస్ మొదటి పేజీలో ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలో నాకు తెలుసు.

ఈలోగా మెమో వచ్చింది. మొదటి విడత ఖర్చు చేసినట్టు వినియోగ పత్రం పంపకపోతే రెండో విడత ఆపేస్తారట. మొదటిదే రాలేదు మహాప్రభో! పడవ కిరాయికి జీఎస్టీ బిల్లు కూడా కావాలట. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారుజామునే కాబట్టి చీకట్లోనే వెళ్లి, సీసాలో నీళ్లు పట్టి, ఆక్సిజన్ కొలవడానికి అక్కడికక్కడే రసాయనాలు కలపాలి. ఆ వేళప్పుడు లేచి పడవ కట్టినాయన్ని జీఎస్టీ నంబరు అడిగితే, అదేదో ఫోన్ నంబరనుకున్నాడు.

జులై 10న మత్స్య రైతుల దినోత్సవానికి దండలూ ఉపన్యాసాలూ బాగానే జరుగుతాయి. 1957లో అదే రోజున ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గారు కార్ప్ చేపలకి (బొచ్చె, శీలావతి కుటుంబానివే) ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. చూశారా, జులైలో! ఆయన్నీ మార్చి దాకా ఆగమని ఉంటే ఏమయ్యేదో.

నాతో చేరిన అమ్మాయి మేత కంపెనీలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. తప్పనను, ఇంటి అద్దెకి సీజన్ ఉండదు కదా. ఇంకొకతను టాపిక్ మార్చుకుని ల్యాబ్ తొట్టెలకి పరిమితమయ్యాడు.

ఫెలోషిప్ నెలనెలా వేయండి. అది కుదరకపోతే ఫీల్డు ఖర్చులైనా మే నెలాఖరుకి ఇప్పించండి. ఎలా ఇస్తారో మీ ఇష్టం, వాన కంటే ముందు రావాలి. ఈ ఉత్తరం మీద కూడా ‘తగు చర్య నిమిత్తం’ అనే రాసేటట్టయితే, పక్కన ఒక తేదీ కూడా వేయించండి.

ఇట్లు,
జాబితాలో పేరున్న ఒక పరిశోధక విద్యార్థిని